సూరిబాబు గారి ఓడ

పొద్దున్నే కుట్టు షాపు తీసి ఫోం షీటు మీద వేడిగాలి మిషను పెట్టేను. ఆ షీటు వేడెక్కితే ఒక వాసన వస్తాది. ఎండలో ఒగ్గేసిన కొత్త రబ్బరు చెప్పుల వాసన, దాని మీద కొంచెం మాడు. జాకెట్టు ఇద్దామని వచ్చిన పక్కింటి పార్వతి గుమ్మంలోనే ఆగిపోయి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మ, ఏటే రత్నం, ఏటి కాల్సేత్తన్నావు?" అంది. "భుజానికి కవచం" అన్నాను. "ఎవులికి?" అంది. "నాకే" అన్నాను. అది ఇంకేమీ అడక్కుండా మెడ ఎంత లోతు కావాలో చెప్పి వెళ్లిపోయింది. నాకైతే ఆ వాసన తగిలితే చాలు, సూరిబాబు గారు వెనకాల నిలబడి "ఇంకొంచెం వంచు, ఇంకొంచెం" అంటన్నట్టే ఉంటాది. ఆదివారాలు బొమ్మల కథలు చూసే మా గ్రూపులో కొత్తగా చేరిన పిల్లలు ఆయన్ని చూడలేదు. ఎలాంటోరని అడుగుతారు. నోటితో చెబుదామంటే మధ్యలో ఎవరో ఒకరు జాకెట్టు పట్టుకుని వచ్చేస్తారు. అందుకని రాస్తన్నాను. నేను చదివింది ఐదో తరగతి. మాట్లాడినట్టే రాస్తాను, అలాగే చదువుకోండి.

సూరిబాబు గారిది అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషను కొట్టు. తాతల నాటిది. పొద్దున్న వేలం పాట మొదలయ్యే వేళకి తెల్ల చొక్కా వేసుకుని, బెల్లం దిమ్మల వరస ముందు నిలబడి, చిన్న పెచ్చు విరిచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవోరు. అక్కడిదాకా ఆయన అందరి లాంటి షావుకారే. మార్కెట్టు సద్దుమణిగేక మాత్రం గోడౌను మీద మేడ గది ఎక్కేసేవోరు. ఆ గది నిండా మర మనుషుల బొమ్మలు, ఆకాశంలో తిరిగే ఓడలు, దేశదేశాల బొమ్మల పుస్తకాలు. జపాను బొమ్మల కథలంటే ఆయనకి ప్రాణం. మార్కెట్లో ఆయనకి 'బొమ్మల సావుకారు' అని పేరెట్టేరు. మా ఆయన అప్పారావు ఆ కొట్లోనే కలాసీ, దిమ్మలు మోసేవోడు. ఇంటికొచ్చి నవ్వేవోడు, "మా సావుకారుకి పెళ్లీడు కొడుకులున్నారు, ఆయనేమో మేడ మీద బొమ్మలాటలు" అని. ఎవరైనా మొహం మీదే పిచ్చి అంటే ఆయన కోప్పడేవోరు కాదు. "అవును, పిచ్చే. నీకు క్రికెట్టు పిచ్చి, మీ ఆవిడకి సీరియలు పిచ్చి. మీవాటిని సరదా అంటారు, నాదాన్ని పిచ్చి అంటారు. అంతే తేడా" అనేవోరు. నవ్వుతూనే అనేవోరు గానీ, ఒక్క అడుగు వెనక్కి వేసేవోరు కాదు.

ఆయన నా షాపుకొచ్చింది గౌరమ్మ సంబరం ముందు. మా వైపు జాతరని సంబరం అంటాం, అందులో నేలవేషాలు కడతారు. బండి మీద కూర్చోకుండా, డప్పు వెనకాల నేల మీద నడిచే వేషాలు. శివుడు, కాళి, పులి, రాక్షసుడు, ఇలాంటివి. ఆయన ఒక బొమ్మ చూపించి "ఈ కోటు కుట్టాలమ్మా. సంబరంలో నేలవేషం కడతాను" అన్నారు. పాతబడిన పొడుగు కోటు, మాసికలు, నూనె మరకలు. ఎవరు బాబూ ఈయన అంటే "ఆకాశంలో తిరిగే ఓడకి కెప్టెను" అన్నారు. నేను అప్పటికి చాలా వేషాలకి కుట్టేను. వేషమంటే నా లెక్కలో మెరవాలి. అంత పెద్ద షావుకారు మాసికల కోటుతో నడిస్తే పరువు పోదా అనుకుని, చక్కగా అంచుకి జరీ వేసేను, గుండె మీద అద్దాలు కుట్టేను, వెనకాల ముడేసుకోడానికి తాళ్లు పెట్టేను. ఆయన వచ్చి చూసేరు. ఒక్కొక్క అద్దాన్నీ వేలితో తడిమేరు.

"బాగుంది రత్నం" అన్నారు. "పెళ్లికి పనికొస్తాది. మా కెప్టెను తిండికి లేనోడమ్మా. ఓడకి తైలం కొనలేక సొంత ఉంగరం అమ్ముకున్నోడు."

"మరి మాసికలతో నడిస్తే జనం నవ్వరా బాబూ?"

"జరీతో నడిచినా నవ్వుతారు. నవ్వేవోళ్ల కోసం జరీ ఎందుకు తగలెయ్యడం?" అన్నారు. తరవాత అన్న మాట నా బతుకుని తిప్పేసింది. "చూడకుండా కుట్టేవు. ఆదివారం మధ్యాహ్నం మేడ మీదకి రా. చూసి కుట్టు."

వెళ్లేను. అప్పారావు మెట్ల కిందే ఆగిపోయేడు. "కలాసీ పెళ్లాం మేడెక్కి బొమ్మలు సూత్తందంటే మార్కెట్లో నా మొకం ఏటవుద్దే?" అన్నాడు. పైన ఇంకొకడు కూర్చుని ఉన్నాడు, గోవిందు అని ఆటో నడుపుతాడు, కె. కోటపాడు రూట్లో. వాడి ఆటో వెనకాల ఆ కెప్టెను ఓడ బొమ్మే వేసి ఉంటాది. టీవీలో కథ జపాను భాషలో నడుస్తంటే కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. నాకూ గోవిందుకీ రెండూ రావు. సూరిబాబు గారు ఆ అక్షరాలు చదివి, అప్పటికప్పుడు మన భాషలో చెప్పేవోరు. అలాగని బడి పుస్తకంలో తెలుగు కాదు. "ఏటి మావా, ఇంజను అలగ మూలుగుతంది?" అంటాడు కెప్టెను. "మూలగదేటి మరి, తిండెట్టకుండా పరిగెట్టిత్తన్నావు!" అంటాది ఇంజను బాగుచేసే ముసలావిడ. ఆకాశంలో చుక్కల మధ్యన ఓడ కాలిపోతంటే అందరూ మా అనకాపల్లి మాటలతోనే తిట్టుకునేవోరు. మొదటిరోజు నవ్వలేక కడుపు నొప్పొచ్చింది. గోవిందు గోడకి జారబడిపోయేడు.

మూడు నాలుగు ఆదివారాలయ్యేక సూరిబాబు గారు టీవీ ఆపి, "నీకెవరు నచ్చేరు రత్నం?" అని అడిగేరు. మెడ ఎంత లోతు, చెయ్యి ఎంత పొడుగు, కూరలో ఉప్పు సరిపోయిందా, ఇవి నన్ను అడిగేవోళ్లున్నారు. నాకేది నచ్చిందని అడిగినోళ్లు లేరు. ఆఖరికి "ఇనపచెయ్యి మామ్మ" అన్నాను. ఆ ఇంజను బాగుచేసే ముసలావిడకి కుడిచెయ్యి ఇనపది. ఎవరెంత అరిచినా పని ఆపదు, పని అయ్యేక మాత్రం కెప్టెనయినా సరే తిట్టాల్సింది తిట్టేస్తాది. "ఎందుకు నచ్చింది?" అన్నారు. నేను చెప్పడం మొదలెట్టేను, కింద అప్పారావు కేకేసేదాకా ఆగలేదు. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అన్నీ విని, "దీన్నే ఇంగ్లీషులో గీకు అంటార్ట. మన మార్కెట్లో పిచ్చోడంటారు. ఇంక నీకూ తగులుకుంది, మందు లేదు" అన్నారు.

జరీ ఊడదీసి, కోటుని టీ నీళ్లలో నానబెట్టి, బండరాయి మీద రుద్ది పాతది చేసేను. సంబరంనాడు ఆయన దాన్ని తొడుక్కుని పులి వేషాల వెనకాల వచ్చి నిలబడ్డారు. కమిటీ పెద్దాయన ఎగాదిగా చూసి "ఇదేం దేవుడు సూరిబాబూ?" అన్నారు.

"దేవుడు కాదు బాబాయ్. నాకు ఇష్టమైనోడు."

"ఇష్టమైనోడయితే ఇంట్లో కట్టుకో. ఈదిలో ఎందుకు?"

"నువ్వు నీ కాళికమ్మని ఇంట్లోనే కట్టుకుంటన్నావా?" అన్నారు ఈయన. పెద్దాయన పక్కకి తప్పుకున్నారు. డప్పు మొదలయింది. మార్కెట్టు కుర్రోళ్లు ఈలలేసేరు. ఎవడో చెరుకు నమిలి పిప్పి విసిరేడు, అది కోటు భుజం మీద పడింది. ఆయన దాన్ని దులుపుకోకుండా, కెప్టెను నడిచినట్టే, ఒక కాలు కొంచెం ఈడుస్తూ వీధి చివరిదాకా నడిచేరు. మర్నాడు ఒక షావుకారు గారి భార్య నన్ను చూపించి "కోటు కుట్టిన టైలరు ఈవిడేనా?" అని ఆయన్నే అడిగింది. "టైలరు మీకు. మాకు ఓడ మనిషి" అన్నారు. ఆ మాట వినగానే నేను తల ఎత్తేను. అప్పటినించి నా పట్టుదల ఒక్కటే, ఆ మాటకి తగ్గట్టు ఉండాలి. నేను కూలికి కుట్టిపెట్టేదాన్ని మాత్రమే కాదు, వాళ్లలో ఒక మనిషిని.

తరవాత కాలం మారిపోయింది. చేతిచేతికీ ఫోనొచ్చింది. ఏ కథ కావాలంటే ఆ కథ అరచేతిలోకి వచ్చి పడిపోతంది. కాలేజీ పిల్లల చొక్కాల మీద, బ్యాగుల మీద, ఆఖరికి టిఫిను సెంటర్ల గోడల మీద కూడా అవే బొమ్మలు. సంబరంలో ఈలలేసినోళ్ల కొడుకులు పుట్టినరోజుకి ఆ వేషాలే కావాలని ఏడుస్తన్నారు. వాళ్ల నాన్నలు వచ్చి "సూరిబాబూ, మా వాడికి నీ గది ఒకసారి చూపించవా" అని బతిమాలుతున్నారు. గోవిందుకి ఒళ్లు మండిపోయింది. "సావుకారు గారూ, పిప్పి ఇసిరినోళ్లు ఈళ్లే. ఇప్పుడు సెప్పులు ఇప్పుకుని మెట్లెక్కుతన్నారు. ఒక్కొక్కడినీ నాలుగు ప్రశ్నలు అడగండి. సెప్పలేనోడిని కిందకి దింపేద్దాం" అన్నాడు. నాకూ లోపల అదే ఉంది. సూరిబాబు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "గుమ్మంలో నిలబడి టిక్కెట్లు చింపడానికా గోవిందూ మనం ఇన్నాళ్లు జనం చేత నవ్వించుకున్నది? రానీ. మన గది ఇరుకైపోతే ఇంకో గది చూద్దాం" అన్నారు. అలాగే పదిమందీ చేరేరు. ఆదివారాలు మెట్ల మీద కూడా కూర్చునేవోరు.

పోయిన ఏడాది ఎండల్లో ఆయనకి గుండె బాగోలేదని విశాఖపట్నం తీసుకెళ్లేరు. మళ్లీ రాలేదు. కొట్టు కొడుకులు చూస్తన్నారు. వాళ్లకి ఈ పిచ్చి లేదు గానీ, మంచోళ్లు, మేడ గది మాకే ఒగ్గేసేరు.

చలికాలంలో కాలేజీ పిల్లలు ఒక కల్యాణ మండపం తీసుకుని పెద్ద కూటమి పెట్టేరు. ఇష్టమైన మనిషి వేషం కట్టుకుని స్టేజి మీద నడవాలి, మైకులో అడిగిన దానికి జవాబు చెప్పాలి. అన్నీ నడిపించింది హారిక అనే అమ్మాయి, ఇంజనీరింగు చదువుతంది. సగం మంది వేషాలు నేనే కుట్టేను. కూటమికి ముందురోజు హారిక నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, మీరు స్టేజి వెనకాల ఉండండి. ఎవరికైనా చిరిగితే వెంటనే కుట్టేద్దురు. మీరుంటే మాకు ధైర్యం" అంది. ఆ పిల్ల మనసులో చెడు లేదు. అయినా నాకు చురుక్కుమంది.

"ఉంటాను. కానీ నేనూ నడుస్తాను" అన్నాను.

"మీరా?" అంది. వెంటనే నాలిక కరుచుకుని "సారీ ఆంటీ. ఏ వేషం?" అంది. "ఇనపచెయ్యి మామ్మ. వేషం తయారుగా ఉంది, చేతికి రంగే తరువాయి" అన్నాను.

ఇంట్లో అప్పారావు గొడవ పెట్టేడు. "మనకి మనవలొచ్చే వయసు. నలుగురూ నవ్వుతారే." నేను "నవ్వనీ" అన్నాను. "సావుకారు గారికి చెల్లింది. డబ్బున్నోరి పిచ్చి ముచ్చటగా ఉంటాది. మన పిచ్చి పిచ్చిలాగే ఉంటాది" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అయినా ఇనపచేతికి వెండి రంగు పూసుకున్నాను.

స్టేజి మీదకి వెళ్లేటప్పుడు చప్పట్లు బాగానే కొట్టేరు. మామ్మ లాగ నడుం వంచి, ఇనపచెయ్యి ఊపుకుంటూ నడిచేను. విశాఖపట్నం నించి వచ్చిన ఒకబ్బాయి మైకు పట్టుకుని "నాలుగో భాగం చివర మామ్మ ఏం చేస్తుందండీ?" అని అడిగేడు. నాకు కళ్లముందే ఉంది కదా. ఇంజను పేలబోతంటే మామ్మ లోపలికి దూరి, ఇనపచేత్తో గొట్టం బిగించి పట్టుకుంటాది. ఆ చెయ్యి కాలి కరిగిపోతాది. మామ్మ బయటికొచ్చి, "ఇనపదే కదా, ఇంకోటి సేసుకుంటాను. ముందు టీ ఎట్టండి" అంటాది. అదే చెప్పేను. హాలంతా ఒక్కసారి గుసగుసలయింది. ముందు వరసలోంచి ఎవరో "మామ్మ చచ్చిపోతుంది కదా ఆంటీ!" అని అరిచేరు. నవ్వులు. "చూడకుండా వచ్చేసేరు" అని ఇంకెవరో. మైకబ్బాయి మెల్లిగా, "అవునండీ, అందులో ఆవిడ బయటికి రాదు" అన్నాడు.

హాల్లో అంతమందికి తెలుసు, నాకు తెలీదు. గోవిందు వెనక వరసలో ఉన్నాడు. వాడి వైపు చూసేను. వాడు తల దించుకున్నాడు. అప్పుడు అర్థమయింది. సూరిబాబు గారు కథ మార్చేసేరు. దిగిపోదామనుకున్నాను. దిగిపోతే ఇంక ఎప్పటికీ స్టేజి వెనకాలే. మైకు గట్టిగా పట్టుకున్నాను.

"బాబూ, నాకు ఇంగ్లీషు రాదు. ఈ కథ నాకు సూరిబాబు గారు నోటితో చెప్పేరు. మా వీధిలో కాళికమ్మ కథ ఒక్కొక్కరు ఒక్కోలాగ చెప్తారు. ఎవరినీ అబద్ధం అనం. మీరు చూసింది నిజం. నేను విన్నదీ నిజం. మా ఓడలో మామ్మ బతికే ఉంది. ఆవిడ వేషమే ఇది. బాగుంటే బాగుందనండి, లేదంటే లేదనండి. చూడకుండా వచ్చేనని మాత్రం అనకండి. నాకంటే బాగా ఆవిణ్ణి చూసినోళ్లు ఇక్కడ ఉండరు" అన్నాను.

వెనకాలనించి గోవిందు లేచి, "మా ఓడలోనూ బతికే ఉంది!" అని ఆటో స్టాండులో కేకేసినట్టు కేకేసేడు. హారిక చప్పట్లు మొదలెట్టింది. నాకేం బహుమతి రాలేదు. కిందకి దిగేక మైకబ్బాయి వచ్చి, "మీ సూరిబాబు గారి కథ మొత్తం ఎవరి దగ్గరైనా ఉందా అండీ? వినాలనుంది" అన్నాడు. అది బహుమతి కంటే ఎక్కువ.

బయట షామియానా పక్కన గోవిందుని నిలదీసేను. "అందరికీ ఒకటి సెప్పి నీకు ఒకటి సెప్పలేదక్కా. ఆవేళ మనిద్దరమే ఉన్నాం" అన్నాడు. "మీ అమ్మ దినం అయిపోయి నువ్వు మేడెక్కిన ఆదివారం అది. ఆయనకి ముందే తెల్సు మామ్మ సచ్చిపోద్దని. నీ మొకం సూసేరు. సూసి, మామ్మ తలుపు మూసుకోగానే టీవీ ఆపేసి, మిగతాది నోటితో అప్పటికప్పుడు తిప్పేసేరు. తరవాతి భాగాల్లో మామ్మ కింద ఇంజను గదిలోనే ఉందని సెప్పుకొచ్చేరు. తరవాత నాను ఫోనులో సూసి అడిగితే, 'రత్నానికి సెప్పకురా, మామ్మ పని ఇంకా ఉంది' అన్నారు."

నాకు కోపం వచ్చింది. కొన్నాళ్లు ఉంది కూడా. ఒక్క బొత్తాం రంగు తేడా వస్తే ఊడదీయించే మనిషి, అంత పెద్ద తేడా నా దగ్గర దాచేరు. నేను తట్టుకోలేననుకున్నారు. నిజమే, ఆ రోజు తట్టుకోలేకపోదును. అమ్మ దినం అయిన వారం అది. మామ్మ బయటికొచ్చి టీ అడిగినప్పుడు నేను ఎంతలా నవ్వేనో, ఏడ్చేనో నాకు గుర్తుంది. తనకి అంత ఇష్టమైన కథని ఆయన నా కోసం విరిచేసేరు. ఆయన లాంటి పిచ్చోడికి అది ఎంత కష్టమో, అదే పిచ్చి పట్టినోళ్లకే తెలుస్తాది.

తరవాత ఆ భాగం నేనే చూసేను. ఇప్పుడు తెలుగులో కూడా వస్తంది. అందులో కెప్టెను "త్వరపడండి, యంత్రం వేడెక్కుతున్నది" అంటాడు, పంతులు గారిలాగ. మామ్మ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. రాలేదు. మళ్లీ మళ్లీ చూసేను. ఆవిడ అంత మామూలుగా లోపలికి వెళ్లిందేటి, పప్పు దించడానికి వంటింట్లోకి వెళ్లినట్టు.

సూరిబాబు గారు పోయినకాణ్ణించి మేడ గదిలో కథ చెప్పేవోళ్లు లేరు. కూటమి తరవాత ఆ పని నేను నెత్తినేసుకున్నాను. ఇప్పుడు ఆదివారం ఆదివారం నేనే చెప్తన్నాను, మన మాటల్లోనే. కాలేజీ పిల్లలూ వస్తారు, మార్కెట్టు ఆడోళ్లూ వస్తారు. మొన్న ఆదివారం నాలుగో భాగం వచ్చింది. గోవిందు నా మొహం వైపే చూస్తన్నాడు, ఏ కథ చెప్తానో అని. మామ్మ తలుపు మూసుకుంది అన్నాను. గొట్టం పట్టుకుంది అన్నాను. చెయ్యి కరిగిపోయింది, మామ్మ రాలేదు అన్నాను. ఆయన దాచింది నా మంచికే. నేను మాత్రం దాచలేదు. నిజం చెప్పి తట్టుకోగలనని నా మీద నాకున్న నమ్మకం ఆయన ఇచ్చిందే.

మెట్ల మీంచి అప్పారావు గొంతు వినపడింది. నన్ను తీసుకెళ్లడానికి వచ్చి, ఎప్పట్లా కిందే ఆగకుండా సగం మెట్లెక్కి నిలబడి, ఎప్పటినించి వింటన్నాడో తెలీదు.

"సచ్చిపోయిందా? నిజంగానే?" అన్నాడు.

"చచ్చిపోయింది" అన్నాను.

"మరి ఇంజను ఎవులు సూత్తారే? ఓడ ఆగిపోద్దా?"

"ఆగదు. లోపలికి రా, కూర్చో, చెప్తాను" అన్నాను.

చెప్పులు విప్పి వచ్చి కూర్చున్నాడు.